సెలవు కాలంలో చిరునామా

మణికొండ,
జూన్ 9, ఆదివారం

జయత్తా,

నువ్వే గెలిచావు. పెన్ను కొన్నాను, గీతల కాయితాలు కొన్నాను, ఇదిగో రాస్తున్నాను. ఫోన్‌లో నేను "బాగున్నానత్తా, తిన్నానత్తా" తప్ప మూడో మాట చెప్పనన్న నీ ఫిర్యాదు నిజమే. కానీ ఉత్తరాలు రాయకపోతే ఫోన్ ఎత్తనని బెదిరించడం అన్యాయం. ఈ రోజుల్లో కాకినాడలో పోస్ట్‌మ్యాన్ ఉత్తరం పట్టుకుని గేటు దగ్గర నిలబడితే మీ వీధంతా కంగారు పడుతుందేమో చూసుకో.

కొత్త ఉద్యోగం గురించి అడిగావు కదా. పాత కంపెనీలో ఐదేళ్ళలో నాకు ఏడుగురు మేనేజర్లు మారారు. మేనేజరుకు పైన ఇంకో మేనేజరు, ఆయనకు పైన ఒకావిడ, ఆవిడకు పైన బెంగళూరులో ఎవరో. ఒక కీబోర్డు మార్చాలన్నా నా అర్జీ ఆ నిచ్చెనంతా ఎక్కి దిగాలి. ఇక్కడ నిచ్చెనే లేదు. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో అయిదో అంతస్తు మాది. ముప్పై నాలుగు మందిమి. మెడలో కార్డు మీద పేరు తప్ప హోదా ఉండదు. కంపెనీ పెట్టిన జశ్వంత్ నా వరుసలోనే నాలుగో కుర్చీలో కూర్చుంటాడు. మొదటిరోజు అలవాటుగా "జశ్వంత్ గారూ" అన్నాను. ఆ "గారు"ని ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. వంటగది అరలో అందరికీ పేరు రాసిన కప్పులున్నాయి, అతనిదీ నాదీ పక్కపక్కనే.

మా పని చిన్న క్లినిక్కులకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం. అందులో నా ముక్క ఏమిటో తెలుసా? డాక్టరు రమ్మన్న రోజున రాని పేషెంట్లను కనిపెట్టి, వాళ్ళకు కబురు పంపడం. నాకు చాలా నచ్చింది.

ఇంకో విశేషం. సెలవులకు లెక్క లేదు. ఎన్ని కావాలంటే అన్ని. ఎవర్నీ అడగక్కర్లేదు, అందరికీ కనిపించే క్యాలెండర్లో మన పేరు మనమే పెట్టుకోవడమే. సెలవు చీటీ పట్టుకుని బల్ల బల్లకీ తిరిగే నీ ఆఫీసు గుర్తొచ్చి నీ మీద జాలేసింది. మీకు మొత్తం ఎన్ని మెట్లు అత్తా? లెక్కపెట్టి రాయి.

నీ రసు

*

కాకినాడ,
జూన్ 17

విషయం: ఉత్తరం – రసజ్ఞ అను మేనకోడలు – ఎట్టకేలకు వ్రాసినది – జవాబు ఇచ్చుట – గురించి.
సూచిక: నీ లేఖ, తేది 9-6.

రసూ,

నవ్వకు. ముప్పై ఆరేళ్ళుగా విషయం, సూచిక రాయకుండా నా పెన్ను కదలదు.

మెట్లు లెక్కపెట్టమన్నావు. అటెండరు, రికార్డు అసిస్టెంటు, టైపిస్టు, జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు. ఆ పైన ఇంజనీర్లు, వాళ్ళ మెట్లు వేరే. మీ తాతయ్య సర్వీసులో ఉండగా పోతే, ఆ ఇంటికి ఆధారంగా నాకు టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. అప్పుడు నాకు ఇరవై ఒకటి. అక్కడి నుంచి మొన్న మే నెలలో సూపరింటెండెంటు దాకా వచ్చాను. నాకిప్పుడు విడిగా గది ఉంది. స్ప్రింగు తలుపులున్నాయి, తోస్తే కాసేపు ఊగుతాయి. అటెండరు లోపలికి వచ్చే ముందు దగ్గుతాడు. మొదట్లో జలుబేమో అనుకుని మిరియాల పాలు తాగమన్నాను.

మా ఫైలు ఎలా నడుస్తుందో నీకు తెలీదు కనుక చెప్తాను. కింది మనిషి చదివి, తన అభిప్రాయం రాసి, "సమర్పించడమైనది" అని పైకి పంపుతాడు. పై మనిషి చదివి ఇంకో పైకి పంపుతాడు. ఇప్పుడు కాయితం బదులు కంప్యూటర్లో తిరుగుతోంది, మెట్లు మాత్రం అవే. ఒక చిన్న పనికి ఇరవై రోజులు పడుతుంది, నేను కాదనను. కానీ ఎక్కడ ఆగిందో, ఎవరి దగ్గర ఆగిందో తెలుస్తుంది.

సెలవు చీటీని ఎగతాళి చేశావు. అందులో గడులుంటాయి. పేరు, హోదా, ఎన్ని రోజులు, కారణం. చివరిది "సెలవు కాలంలో చిరునామా". ఆ గడి ఖాళీగా ఉంటే అర్జీ వెనక్కి వస్తుంది. నాతో పాటే ఉద్యోగంలో చేరిన అమ్మణ్ణి నీకు గుర్తుంది కదా, నీ చిన్నప్పుడు కొబ్బరి బూరెలు తెచ్చిపెట్టేది. ఒకసారి తిరుపతి వెళ్తూ ఆ గడిలో "క్యూ లైను" అని రాసింది. అప్పటి సూపరింటెండెంటు చలపతిరావు గారు ఊరుకోలేదు, సత్రం పేరు, గది నంబరు రాయించాకే సంతకం పెట్టారు. ఇప్పుడు అమ్మణ్ణి నా సెక్షన్లోనే సీనియర్ అసిస్టెంటు. నిన్ను అడిగానని రాయమంది.

నాదొక సందేహం. మీ దగ్గర ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు అన్నావు. మరి ఒక మనిషి రాకపోతే, రాలేదన్న సంగతి ఎవరికి తెలుస్తుంది?

అత్త

*

మణికొండ,
ఆగస్టు 18, ఆదివారం

జయత్తా,

ఆలస్యమైంది, తిట్టకు. రెండు రోజులుగా ఇక్కడ ఒకటే వాన. మా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. రూమ్మేట్ సౌజన్య పుణెలో ఉద్యోగం వచ్చి మొన్ననే వెళ్ళిపోయింది. ఇంకో అమ్మాయి దొరికేదాకా రెండు పడక గదుల ఇంట్లో నేనొక్కదాన్నే.

నీ సందేహానికి జవాబు మా ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అందరూ అందర్నీ చూసుకుంటారట.

మా దగ్గర మెట్లు లేవన్నాను కదా. మేడ మాత్రం ఉందత్తా. జశ్వంతూ, అతనితో ఒకే కాలేజీలో చదివిన ఇంకో ముగ్గురూ రోజూ పొద్దున్నే గచ్చిబౌలిలో షటిల్ ఆడతారు. పదింటికి ఆఫీసులో అందరం గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటాం. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పొచ్చు, అందరూ శ్రద్ధగా వింటారు, తలలూపుతారు. చివరికి షటిల్ కోర్టులో ఏది అనుకున్నారో అదే జరుగుతుంది. వర్షిత అనే అమ్మాయి ఈ సంగతి నాకంటే ముందే పసిగట్టి, రెండు నెలలుగా షటిల్ కోచింగ్ తీసుకుంటోంది. నాకు రాకెట్ ఇస్తే దోసె తిప్పినట్టు తిప్పుతాను, నీకు తెలుసు.

సోమవారం పొద్దున నా పని ఆపేశారు. రాని పేషెంట్ల ముక్క చెప్పానే, అది. నాలుగు నెలలు చేశాను. ఎవరు ఆపారని అడిగితే ఒక్కొక్కరూ "వి డిసైడెడ్" అన్నారు. ఆ "వి"లో నేను కూడా ఉన్నానేమో, మీటింగులో ఏదో పరధ్యానంగా తల ఊపేశానేమో అని మధ్యాహ్నం దాకా నన్ను నేనే అనుమానించుకున్నాను. సాయంత్రం లిఫ్టు దగ్గర జశ్వంత్ కలిశాడు. వాళ్ళది భీమవరం వైపు, ఇద్దరమే ఉంటే తెలుగులో మాట్లాడతాడు. "అది మేం ఎప్పుడో అనుకున్నాం రసజ్ఞా, నువ్వేం ఫీలవకు" అన్నాడు.

మేం అన్నాడత్తా. మనం అనలేదు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ఒకటే మాట. అందుకే ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

పాత ఆఫీసులో అయితే మేనేజర్ని కడుపారా తిట్టుకుని పడుకునేదాన్ని. ఇక్కడ తిట్టుకోవడానికి మనిషి లేడు, అందరూ స్నేహితులే. కొత్త పని ఏం చెయ్యాలని అడిగాను. "నీకేది చేయాలనిపిస్తే అది ఎంచుకో" అన్నారు. వారం నుంచి ఎంచుకుంటున్నాను.

నీ గది ఎలా ఉంది? అమ్మణ్ణి పిన్నిని నేనూ అడిగానని చెప్పు.

రసు

*

కాకినాడ,
సెప్టెంబర్ 2

విషయం: మేము, మనము – రెండిటికీ తేడా – గురించి.
సూచిక: నీ లేఖ, తేది 18-8.

రసూ,

నీ ఉత్తరం ఆఫీసుకే తీసుకెళ్ళి రెండుసార్లు చదివాను. మా ఫైళ్ళలో మేమూ ఉండదు, మనమూ ఉండదు. "ఆదేశించడమైనది" అంటాం, "తిరస్కరించడమైనది" అంటాం. చేసిన మనిషి ఆ వాక్యంలో ఎక్కడా కనపడడు. కింద సంతకం మాత్రం ఉంటుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో జనానికి తెలియడానికి అదొక్కటే దారి.

ఆ సంతకం సంగతే నీకొకటి చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను, కానీ ఫోన్‌లో అయితే ఎలాగూ చెప్పను.

జులైలో అమ్మణ్ణి వారంలో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. మూడు దాటితే మెమో ఇవ్వాలని రూలు. కొత్త సూపరింటెండెంటు స్నేహితురాలిని వదిలేసిందని సెక్షన్లో అనుకుంటారని భయం. ఇచ్చాను. "తమరు విధులకు ఆలస్యముగా హాజరగుటకు సంజాయిషీ కోరడమైనది" అని. దాని కింద నా సంతకం. మనిషిని లోపలికి పిలిచి "ఏమైందే?" అని అడిగితే సరిపోయేది. ముప్పై ఆరేళ్ళుగా ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పుకున్నవాళ్ళం. దాని వంకాయ కూర నాకు, నా పప్పు దానికి.

మర్నాడు తెల్ల కాయితం మీద తన గుండ్రటి అక్షరాలతో జవాబు వచ్చింది. "గౌరవనీయులైన సూపరింటెండెంటు గారి సముఖమునకు, అమ్మణ్ణి వినయపూర్వకముగా సమర్పించుకొను విన్నపము." నన్ను ఇన్నేళ్ళూ "ఒసే జయా" అని పిలిచిన మనిషి రాసింది అది. ఇకపై ఆలస్యం కాదంది. ఎందుకు ఆలస్యమైందో రాయలేదు.

జూన్‌లో అమ్మణ్ణి నిన్ను అడిగిందని రాశాను. అడగలేదు. నేను ఈ గదిలోకి వచ్చిన మొదటి వారమే మధ్యాహ్నం నాతో తినడానికి రావడం మానేసింది. సూపరింటెండెంట్లు సెక్షన్‌తో కూర్చుని తినే అలవాటు మా ఆఫీసులో లేదు. నేనే వెళ్దామంటే అందరూ లేచి నిలబడతారు, చేతిలో ముద్ద చేతిలోనే ఉంటుంది. అందుకని గదిలోనే తింటున్నాను. తలుపుల కింద నుంచి వాళ్ళ నవ్వులు వినపడతాయి. నేను లేచి బయటికి వస్తే ఆగిపోతాయి.

నీ మెట్లు లేని ఆఫీసు గురించి జూన్‌లో చదివినప్పుడు కొంచెం అసూయ కలిగింది. ఇప్పుడు అది కూడా లేకుండా చేశావు.

వేళకు తిను. ఇంటికి ఎవరినైనా తొందరగా తెచ్చుకో, ఒక్కదానివే ఉండకు.

అత్త

*

మణికొండ,
అక్టోబర్ 20

జయత్తా,

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. పని ఎక్కువగా ఉండి రాయలేకపోయాను. నేను బాగున్నాను. అమ్మణ్ణి పిన్నితో నువ్వే మాట్లాడితే మంచిది. ఇక్కడ వానలు తగ్గాయి. కొత్త రూమ్మేట్ ఇంకా రాలేదు. వీలు చూసుకుని పెద్ద ఉత్తరం రాస్తాను.

రసు

*

కాకినాడ,
అక్టోబర్ 26

విషయం: ఏడు వాక్యాల ఉత్తరం – సంజాయిషీ కోరుట – గురించి.
సూచిక: నీ లేఖ అనబడునది, తేది 20-10.

రసూ,

నీ ఉత్తరంలో ఒక్క దెప్పిపొడుపు లేదు. ఒక్క మనిషి పేరు పెట్టి తిట్టలేదు. "నేను బాగున్నాను" అని మాత్రం ఉంది. అక్షరాలు కూడా నీవి కావు, చెయ్యి వణికినట్టున్నాయి. నేను ముప్పై ఆరేళ్ళు ఇతరుల చేతిరాతలు చదివి బతికిన మనిషిని, నా దగ్గర దాచలేవు.

కనుక మెమో ఇస్తున్నాను. ఈ లేఖ అందిన మూడు రోజుల్లో నిజం రాయవలెను. ఒక మెమో ఇచ్చి బుద్ధొచ్చింది కాబట్టి ఈసారి మెమోతో పాటే అడుగుతున్నాను. ఏమైందే?

అత్త

*

మణికొండ,
నవంబర్ 3, ఆదివారం

జయత్తా,

సంజాయిషీ ఇది. ముందు ఒక షరతు. నాన్నకు చెప్పకూడదు.

సెప్టెంబరు ఇరవై ఏడున జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని మాత్రలు వేసుకుని పడుకున్నాను. మూడో రోజుకు ఒళ్ళంతా నొప్పులు, మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఆఫీసు క్యాలెండర్లో సెలవని పేరు పెట్టుకోలేదు. మొదట ఓపిక లేక. తర్వాత, నిజం చెప్తున్నాను, పెట్టుకోకపోతే ఎవరైనా అడుగుతారేమో చూద్దామనిపించింది.

ఎవరూ అడగలేదు. ఫోన్ పక్కనే ఉండేది. ఆఫీసు గ్రూపులో రోజుకు మూడొందల మెసేజులు వచ్చేవి, ఒకరి పుట్టినరోజు కూడా జరిగింది. నాకని ఒక్క మాట రాలేదు. ఆ రోజుల్లో నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు. బాగున్నానత్తా, తిన్నానత్తా అన్నాను.

పదకొండో రోజు సోమవారం. బెల్లు మోగింది. ఎలాగో వెళ్ళి తలుపు తీస్తే మా అయిదో అంతస్తు జయమ్మ. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. ఆమె కింద ఆరుగురు పని చేస్తారు, పొద్దున ఏడింటికి వాళ్ళ హాజరు తనే వేస్తుంది. ఆమె పైన బిల్డింగు ఇన్‌ఛార్జి, ఆయన పైన కాంట్రాక్టరు. అంటే మా అంతస్తులో మీ ఆఫీసులాంటి ఆఫీసు ఇంకొకటి ఉందత్తా, నేను ఆరు నెలలు పక్కనే ఉండి చూడలేదు.

"ఏంది బిడ్డా, గిట్లయినవు?" అంది నన్ను చూసి. "వారం దినాల సంది నీ కప్పు బోర్లేసింది బోర్లేసినట్టే ఉన్నది. చెవి ఇరిగిన కప్పు నీదే కదా. రానోళ్ళ పేరు రాసుకునుడు నాకు అలవాటు. మీ వాళ్ళను అడిగితే ఒకామె ఇంట్ల కూసోని పని చేస్తున్నదన్నది, ఒకాయన ఊరికి పోయిందన్నడు. నాకు పరేషాన్ అయింది. సెక్యూరిటీ దగ్గర నీ స్కూటర్ పాస్ కాయితంల అడ్రస్ తీసుకున్న. మాది పుప్పాలగూడనే, దగ్గరనే గదా అని వచ్చిన. ఇగ లెవ్వు, దవాఖానకు పోదాం."

డెంగ్యూ అన్నారు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయట, ఇంకో రెండు రోజులు ఆగితే కష్టమయ్యేదని డాక్టరు జయమ్మను కోప్పడ్డాడు, ఆమే నా మనిషి అనుకుని. ఆ మాటలన్నీ ఆమె పడింది. చేర్చుకునే కాయితంలో నర్సు అడిగింది, పేషెంటు మీకేమవుతుందని. జయమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా కింద పని చేస్తది, రాసుకో" అంది.

అప్పుడు ఏడ్చాను. సూది గుచ్చినప్పుడు కూడా ఏడవలేదు.

అయిదు రోజులుంచారు. పదహారున ఆఫీసుకు వెళ్ళాను. "హే, ట్రిప్ ఎలా జరిగింది?" అన్నాడు జశ్వంత్. నేను ఎక్కడికో తిరగడానికి వెళ్ళాననుకున్నాడట. ఒకరు ఇంకో బృందంలో ఉన్నాననుకున్నారు. ప్రతివాళ్ళూ ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుందనుకున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదత్తా, సంగతి తెలిశాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, పూలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇలా మళ్ళీ జరక్కుండా చూడాలని ఒక మీటింగు కూడా పెట్టారు. ఎవరు చూడాలో తేలలేదు. రాని పేషెంట్లను కనిపెట్టే నా పాత ముక్క తీసి మనకే వాడుకుందామా అన్నాను. జోకనుకుని నవ్వారు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఆగస్టు నుంచి నాకు పని లేదు. నేనేదైనా మొదలుపెడితే "నైస్" అంటారు, వారానికి అది ఎవరికీ అక్కర్లేదని తెలుస్తుంది. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. రోజూ పదింటికి వెళ్తున్నాను, ఆరింటికి వస్తున్నాను. నిచ్చెన లేదని మురిసిపోయాను జూన్‌లో. ఇప్పుడు నా పైన ఒక్క మనిషి ఉండి, రసజ్ఞా ఇది చెయ్యి అనో, రసజ్ఞా ఇంక చాలు వెళ్ళిపో అనో అంటే చాలనిపిస్తోంది. నేను ఉన్నానో లేనో చెప్పేవాళ్ళు కావాలత్తా.

రసు

*

కాకినాడ,
నవంబర్ 11

రసూ,

ఈసారి విషయం లేదు, సూచిక లేదు. రాయబుద్ధి కాలేదు.

నీ మీద చాలా కోపంగా ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ. రెండుసార్లు ఫోన్ చేసి, రెండుసార్లూ నీ "తిన్నానత్తా" విని, హమ్మయ్య అనుకుని పెట్టేశాను. నీ అక్షరం వణికితే కనిపెట్టాను కానీ, గొంతు వణికితే కనిపెట్టలేకపోయాను. నీ షరతు ప్రకారం మీ నాన్నకు చెప్పలేదు. వాడికి నేను అక్కనై ఉండి ఇంత సంగతి దాచడం ఇదే మొదటిసారి.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పూర్తయ్యేసరికి ఒంటిగంటన్నర. ఆ గదిలో కూర్చోలేకపోయాను. క్యారియర్ ఒక చేత్తో, నీ ఉత్తరం ఒక చేత్తో పట్టుకుని తలుపు తోసుకుని సెక్షన్లోకి వెళ్ళాను. నవ్వులు ఆగాయి. అయిదుగురు లేచి నిలబడ్డారు, ఒకబ్బాయి పెరుగన్నం చేత్తోనే లేచాడు. అమ్మణ్ణి లేవలేదు. నా మొహం చూసి, కూర్చునే, పక్క కుర్చీ కాలితో ఇవతలికి జరిపింది. ప్రమోషన్ ఆర్డరు చేతికి వచ్చినప్పుడు కూడా నాకంత ప్రాణం లేచి రాలేదు.

ఉత్తరం దానికిచ్చాను. చదివి, "ఒసే జయా, ఫోన్‌లో పిల్ల గొంతు వింటే తెలీలేదా నీకు? సూపరింటెండెంటువి అయితే చెవులు కూడా పోయాయా?" అంది, అందరి ముందూ. ఎవరూ నవ్వలేదు, నేనే నవ్వాను. అప్పుడే అడిగాను జులైలో ఏమైందని. వాళ్ళాయనకు మోకాలి ఆపరేషనట. నాలుగు నెలలు ఆలస్యంగా అడిగాను.

మర్నాడు మళ్ళీ "మేడమ్, ఫైలు" అంది. మధ్యాహ్నం గదిలోనే తిన్నాను. ఒక్కరోజులో అన్నీ పూర్వంలా అయిపోతాయని నేనూ అనుకోలేదు. కాకపోతే ఫైలు కింద ఒక చిన్న గిన్నెలో వంకాయ కూర ఉంది.

ఇక నీ సంగతి. నిన్ను పొమ్మని అక్కడెవరూ అనరమ్మా. అనాలంటే ఒకరు సంతకం పెట్టాలి, ఆ సంతకం పెట్టే మనిషి మీ దగ్గర లేడు. అంచేత నీ కాయితం మీద నువ్వే సంతకం పెట్టుకోవాలి. ఉంటావో, మానేస్తావో నేను చెప్పను. ఏం చేసినా నాకు రాతపూర్వకంగా తెలియజెయ్యి, త్రూ ప్రాపర్ ఛానెల్. నీ పై అధికారి ద్వారా అని అర్థం. నీ పై అధికారి ఎవరో నర్సు కాయితంలో రాసే ఉంది.

ఆవిడ చేతులు పట్టుకుని నా దండాలు చెప్పు.

అత్త

*

మణికొండ,
నవంబర్ 20

కాకినాడ ఇంజనీరింగ్ ఆఫీసు సూపరింటెండెంటు జయలక్ష్మి గారికి,

ద్వారా: జయమ్మ గారు, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు, అయిదో అంతస్తు, మాదాపూర్.

విషయం: సెలవు – రసజ్ఞ – మంజూరు చేయమని కోరుట – గురించి.
సూచిక: తమ లేఖ, తేది 11-11.

అయ్యా, కాదు, అమ్మా, కాదు, అత్తా,

సోమవారం ఆఫీసు గ్రూపులో రాశాను, నేను మానేస్తున్నానని. జశ్వంత్ ఎర్ర గుండె బొమ్మ పెట్టాడు. ఇంకో ఇరవై ఆరుగురు అదే పెట్టారు. పది నిమిషాల్లో నా లాగిన్ ఆగిపోయింది. పంతొమ్మిది రోజులు రాకపోతే తెలియని వాళ్ళకు, వెళ్తున్నానంటే పది నిమిషాల్లో తెలిసింది. రాజీనామా కాయితం ఎవరికివ్వాలని అడిగితే, "కాయితమెందుకు, మనలో మనకు" అన్నాడు జశ్వంత్. మనలో అన్నాడత్తా, చివరి రోజున.

కాయితం రాసి పట్టుకెళ్ళాను కదా, వెనక్కి తేబుద్ధి కాలేదు. వంటగదిలో జయమ్మకిచ్చాను. ఆమె చేతులు తుడుచుకుని, రెండు చేతులతో తీసుకుంది. "కప్పు గూడ తీస్కపో బిడ్డా, లేకుంటే దినాం నాకే కనపడుతది" అంది. తెచ్చుకున్నాను. ఇంక సెలవు అర్జీ.

పేరు: రసజ్ఞ
హోదా: లేదు
ఎన్ని రోజులు: తెలియదు
కారణం: అలసట
సెలవు కాలంలో చిరునామా:

ఆఖరి గడి నింపలేకపోయాను. డిసెంబరు ఒకటికి ఈ ఫ్లాట్ ఖాళీ చెయ్యాలి. ఒక్కదాన్నే ఇంత ఇంట్లో ఉండలేను. ఇంటికి వెళ్తే నాన్న "పాత కంపెనీ ఎందుకు మానేశావు" దగ్గర మొదలుపెడతాడు. దానికి జవాబు చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. రాత్రంతా ఆ గడి వంక చూస్తూ కూర్చుంటే, ఇంత పెద్ద ఊళ్ళో ఇన్ని లక్షల కిటికీల్లో నాదని రాసుకోవడానికి ఒక్కటి లేదనిపించింది. చిరునామా లేకపోతే అర్జీ చెల్లదని తెలుసు. తిప్పి పంపినా ఏమీ అనుకోను.

ఇట్లు
రసజ్ఞ

ముట్టింది. పైకి పంపుతున్న. పిల్ల మంచిగ తింటలేదు, జర చూసుకోండ్రి.
– జయమ్మ

*

కాకినాడ,
నవంబర్ 26

ఉత్తర్వు

విషయం: సెలవు – రసజ్ఞ – మంజూరు – గురించి.
సూచిక: 1. రసజ్ఞ అర్జీ, తేది 20-11.
2. పై అధికారి జయమ్మ గారి సిఫారసు, అదే కాయితం మీద.

సూచికలు రెండూ చదివాను. "మంజూరు చేయడమైనది" అని రాయాలి. అలా రాయను. రసూ, ఈ సెలవు నేను మంజూరు చేస్తున్నాను. నువ్వు లేవగలిగిన రోజు వరకు.

ఖాళీ గడి ఉన్న అర్జీని వెనక్కి పంపాలి. చలపతిరావు గారైతే పంపేవారు. ఆ గడి అర్జీదారే నింపాలి, ఇంకొకరు నింపితే నేరం. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేనిదాన్ని, నిన్న సాయంత్రం నీ అర్జీ బల్ల మీద పెట్టుకుని ఆ నేరం చేశాను. అమ్మణ్ణి పక్కన నిలబడి చూసింది, సాక్షి సంతకం పెట్టనా అని అడిగింది.

వెనక గదిలో టైపు మిషనూ, పాత ట్రంకు పెట్టెలూ ఉన్నాయి, శనివారానికల్లా తీయించేస్తాను. నాకు వంట వచ్చు కానీ ఒక్కదానికి కొలత ఎప్పుడూ కుదరలేదు, ఇన్నేళ్ళుగా రోజూ కొంచెం మిగులుతూనే ఉంది. మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడు నీకు తండ్రి, నాకు తమ్ముడే. చెవి విరిగిన కప్పు జాగ్రత్తగా గుడ్డలో చుట్టుకుని తీసుకురా. ఒకటో తేదీ పొద్దున స్టేషన్లో నీ హాజరు నేనే వేస్తాను.

ఈ ఉత్తర్వు నకలు జయమ్మ గారికి కూడా పోస్టు చేశాను.

గడి ఎలా నింపానో కింద చూడు. మొదట చెయ్యి అలవాటుగా "మా ఇల్లు" అని రాసేసింది. "మా" కొట్టేశాను. కొట్టివేత పక్కన చిన్న సంతకం కూడా పెట్టాను, రూలు ప్రకారం.

జయలక్ష్మి

సెలవు కాలంలో చిరునామా: మన ఇల్లు, కాకినాడ.